కూడితే ఎనిమిది

"నవీనా, నీ బావి సముద్రంలో పడింది!"

గంగాప్రసాద్ సార్ ఆ మాట అనగానే ఆరో తరగతి మొత్తం ఘొల్లుమంది. నవీనకు కూడా నవ్వొచ్చింది. చేతిలో సుద్దముక్కతో బోర్డు వైపు చూసింది.

సార్ బోర్డు మీద పెద్ద గళ్ళ కాగితం అంటించి, దాని మీద ఒమన్ పటం గీశారు. ఒక్కొక్కరినీ పిలిచి రెండేసి అంకెలు చెబుతున్నారు. అడ్డంగా ఇన్ని గళ్ళు, నిలువుగా ఇన్ని గళ్ళు లెక్కపెట్టి చుక్క పెట్టాలి. నవీన వంతుకు నీళ్ళబావి వచ్చింది. ఐదు, ఆరు అని సార్ చెబితే ఆమె ఆరు, ఆరు దగ్గర చుక్క పెట్టింది.

"ఒక్క గడే కదా సార్!"

"ఒక్క గడేనమ్మా. కానీ దాహంతో ఉన్నవాడు నీ చుక్కను నమ్ముకుని వెళ్ళాడనుకో, పాపం, ఉప్పునీళ్ళే గతి."

పిల్లలు మళ్ళీ నవ్వారు. ఈసారి నవీన నవ్వలేదు. ఆమెకు నిన్న మధ్యాహ్నం గుర్తొచ్చింది. చేతిలో సుద్దముక్క జారి కిందపడి రెండు ముక్కలయింది.

"సార్... నిజం పటాల్లో డిగ్రీల తర్వాత ఇంకో అంకె ఉంటుంది కదా. అది పదమూడు ఉండాల్సింది ఇరవై మూడు అయితే?"

"నిమిషాలా? భలే అడిగావే! ఉత్తరం వైపు ఒక నిమిషం జరిగితే దాదాపు రెండు కిలోమీటర్లు. పది నిమిషాలంటే ఎంత?"

"ఇరవై!" అని అరిచారు పిల్లలు.

"కొంచెం తక్కువే. పద్దెనిమిదిన్నర వేసుకోండి."

నవీన వచ్చి బెంచీలో కూర్చుంది. పక్కనే ఉన్న ఫర్జానా ఆమె చెయ్యి పట్టుకుని చూసింది.

"ఏమైందే? చెయ్యి ఐస్ ముక్కలా ఉంది!"

నవీన చెయ్యి వెనక్కి తీసుకుంది. గోడ గడియారం వైపు చూసింది. పన్నెండూ పది.

బాపు ఇప్పుడు ఎక్కడుంటాడు?

*

నవీన వాళ్ళ నాన్నను బాపు అని పిలుస్తుంది. బాపు పేరు రఘుపతి. ఊరు కరీంనగర్ దగ్గర. ఒమన్‌లో ఒక సర్వే కంపెనీలో నీళ్ళ ట్యాంకర్ నడుపుతాడు.

ఆ కంపెనీ మనుషులు ఎడారిలో ఇసుక కింద ముడి చమురు ఎక్కడుందో వెతుకుతారు. ఈ వారం గుడారాలు ఉన్నచోట వచ్చే వారం ఉండవు. బాపు వాళ్ళను వెతుక్కుంటూ వెళ్ళి నీళ్ళు ఇచ్చి రావాలి. ఇసుకలో రోడ్డుండదు, బోర్డుండదు. దారి అడుగుదామంటే మనిషి కనబడడు.

అందుకే బాపు దగ్గర ఒక మిషన్ ఉంది. ఇటుకంత ఉంటుంది. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాల మాట విని, మనం ఎక్కడున్నామో, ఎటు పోవాలో బాణం గుర్తుతో చూపిస్తుంది.

నిన్న శుక్రవారం. దసరా, సెలవు రెండూ కలిసొచ్చాయి. సీబ్‌లో ఒక పెద్ద విల్లా వెనక ఉన్న చిన్న ఇల్లు నవీన వాళ్ళది. ఇంటి ముందు ఆయుధపూజ భలే జరిగింది. ట్యాంకర్ మూతికి బంతిపూల దండ వేశారు. అమ్మ కుట్టుమిషన్‌కు బొట్టు పెట్టింది. విల్లాలో వంటచేసే రామసుబ్బమ్మ పెద్దమ్మ తన మిక్సీని కడిగి తెచ్చి వరుసలో పెట్టింది. నవీన జామెట్రీ బాక్స్ పెట్టింది. చివర బాపు తన మిషన్‌ను తెచ్చి మెత్తటి తువ్వాల మీద పెట్టాడు.

"నిసార్ భాయ్‌ని అడిగి తెచ్చిన. ఒక్క రోజే అన్నడు. పిల్లల చేతికి ఇయ్యొద్దని మరీ మరీ చెప్పిండు," అన్నాడు బాపు. నిసార్ అహ్మద్ అంటే ఖురంలో ఉన్న కంపెనీ ఆఫీసులో రేడియో చూసుకునే ఆయన. మిషన్‌లోకి అంకెలు ఎక్కించేది కూడా ఆయనే.

బాపు ఎడారి నుంచి జమ్మికొమ్మ తెచ్చాడు. ఇక్కడివాళ్ళు ఆ చెట్టును గాఫ్ అంటారు. ఆకు చూస్తే అచ్చం మన జమ్మే! అందరూ ఆకు చేతిలో పెట్టుకుని "బంగారం, బంగారం" అనుకున్నారు. పాయసం మీద జీడిపప్పు వేగి ఎర్రగా మెరిసింది.

పూజయ్యాక బాపు నవీనను మేడ మీదికి తీసుకెళ్ళాడు.

"ఇంట్ల పనిచెయ్యదు బిడ్డా. దీనికి ఆకాశం కనబడాలె."

ఆన్ చేసి పది నిమిషాలు ఎండలో నిలబడ్డారు. తెర మీద ఉపగ్రహాలు ఒకటొకటిగా వచ్చాయి. ఒకటి, రెండు, మూడు... నవీన చప్పట్లు కొట్టింది.

"వాటికి మనం కనబడుతున్నమా బాపూ?"

"లేదు. అవి మనల్ని చూడవు. మనమే వాటి మాట ఇంటం. మీద ఇరవై నాలుగు తిరుగుతున్నయి. 'నేను ఫలానా, గిక్కడున్న, ఇప్పుడు టైం గింత' అని ఒక్కొక్కటి చెప్పుకుంటనే ఉంటది. ఆ మాట మన దాకా వచ్చేసరికి కొంచెం ఆలస్యమైతది. గటు చూడు."

ఎదురుగా, దూరంగా ఒక విల్లా కడుతున్నారు. ఓవర్‌టైమ్ చేస్తున్న మేస్త్రీ ఒకాయన ఇనుప చువ్వను సుత్తితో కొడుతున్నాడు. సుత్తి పడిన తర్వాత, ఒక్క క్షణం ఆగి 'ఠక్' మని వినబడింది.

"ఎంత ఆలస్యమైతే అంత దూరమన్నట్టు. మిషన్ గదే లెక్క జేస్తది."

తర్వాత బాపు బట్టలారేసే తాళ్ళు మూడు విప్పాడు. మూడింటినీ మూడు పైపులకు కట్టి, కొసలు నవీన చేతికి ఇచ్చాడు. "మూడు తాళ్ళూ బిగుసుకునేటట్టు నిలబడు."

నవీన అటూ ఇటూ జరిగింది. ఒకటి బిగిస్తే ఇంకొకటి వదులైంది. చివరికి మూడూ బిగిసే చోటు ఒక్కటే దొరికింది.

"గంతే! మూడు దూరాలు తెలిస్తే నువ్వున్న జాగ దొరికింది."

"మరి నాలుగో ఉపగ్రహం ఎందుకు?"

"ఉపగ్రహాల గడియారాలు మస్తు ఖరీదు. మన మిషన్ల గడియారం చవకది. దాని తప్పు దిద్దనీకి నాలుగోది కావాలె. ఓడలోళ్ళు, విమానాలోళ్ళు సుతం దీన్నే వాడుతున్నరిప్పుడు. మన సీబ్ చేపల పడవల మీద సుతం ఒకటి రెండు చూసిన."

అంతలో రామసుబ్బమ్మ పెద్దమ్మ అప్పడాలు ఎండబెట్టడానికి మేడ ఎక్కింది. బాపు ఈ వారం క్యాంపు అంకెలు తెర మీదికి తెచ్చి చదివి వినిపించాడు. ఉత్తరం ఇరవై ఒకటి, పదమూడు, ఇరవై. తూర్పు యాభై ఆరు, నాలుగు, రెండు.

పెద్దమ్మకు ఒక అలవాటుంది. ఏ అంకె కనబడినా కూడేస్తుంది. బస్సు నంబరైనా, ఇంటి నంబరైనా అంతే. వేళ్ళ మీద చకచకా కూడింది.

"ఇరవై ఆరు. రెండూ ఆరూ ఎనిమిది! అయ్యో, ఎనిమిది శనిది గదా రఘుపతీ! అచ్చిరాదు. పోయిన నెల నీ ట్యాంకర్ రెండు తూర్లు పంచరైనప్పుడు గూడా ఎనిమిదే వచ్చినాది, నేను జెప్పలే?"

"గట్లేం లేదక్కా," అని బాపు నవ్వేశాడు.

"నవ్వుతావులే! అదే తొమ్మిదైతే తిరుగుండదు."

కింద నుంచి అమ్మ అన్నానికి పిలిచింది. పెద్దమ్మ దిగిపోయింది. బాపు తాళ్ళు మళ్ళీ కడుతూ, "మిషన్ జాగ్రత్తగ పట్టుకో, వస్తున్న," అన్నాడు.

నవీన చేతిలో మిషన్. తెర మీద అంకెలు. ఒక అంకె కింద చిన్న గీత మిణుకుమిణుకుమంటోంది.

ఎనిమిది. తొమ్మిది కావాలంటే ఒక్కటి కలిపితే చాలు. ఏ అంకెకు? మొదటివి ముఖ్యమైనవేమో, వద్దు. చివరివి బాపు కంట్లో పడతాయి. మధ్యలో పదమూడు ఉంది. ఆ ఒకటిని రెండు చేస్తే మధ్యలోది ఎవరు చూస్తారు?

గీతను ఆ ఒకటి కిందికి జరిపి, బాణం బటన్ ఒక్కసారి నొక్కింది. ఒకటి రెండైంది. ఎంటర్ నొక్కింది. మిషన్ 'టిక్' మని ఒప్పుకుంది. ఎందుకు మార్చావని అడగలేదు.

ఈ రోజు పొద్దున ఐదింటికి బాపు ట్యాంకర్ ఎక్కుతుంటే నవీన కిటికీలోంచి చెయ్యి ఊపింది. బాపు తొమ్మిదిని తీసుకుపోతున్నాడు, ఆ సంగతి తనకొక్కదానికే తెలుసు అనుకుంటే ఎంత సంతోషమనిపించిందో!

*

సైన్స్ పీరియడ్ మొదలైంది. నవీనకు ఒక్క ముక్కా ఎక్కలేదు.

ఆమె డెస్క్ కింద అట్లాస్ తెరిచింది. ఇరవై ఒక డిగ్రీలు. పదమూడు నిమిషాలు ఇక్కడ. దానికి సరిగ్గా పైన, ఉత్తరాన, చుక్కలు చుక్కలుగా ఒక పెద్ద మచ్చ. కింద 'సబ్ఖా' అని రాసి ఉంది.

సబ్ఖా గురించి బాపే చెప్పాడు. అది ఉప్పునేల. "పైన గట్టిగ, తెల్లగ కనబడతది. పాయసం మీద మీగడ లెక్క. లోపలంత బురదే. మనిషి నడవచ్చు. ట్యాంకర్ దిగిందంటే మాత్రం ఇగ మీదికి రాదు."

ట్యాంకర్‌లో పది వేల లీటర్ల నీళ్ళున్నాయి. ఎంత బరువో!

బాపు పొద్దున ఆదమ్ ఊళ్ళో నీళ్ళు నింపుకుంటాడు. అక్కడి నుంచి మట్టిరోడ్డు. మధ్యాహ్నం రెండింటికి మట్టిరోడ్డు అయిపోతుంది. అక్కడ ఆగి రేడియోలో ఖురం ఆఫీసుకు చెప్పాలి. అది రూలు. ఆ తర్వాత ఇసుక. ఇసుక దిబ్బల మీద ఎగిరెగిరి పడితే పొడుగు ఏంటెనా విరిగిపోతుందని దాన్ని విప్పి లోపల పెట్టేస్తాడు. మళ్ళీ రేడియో పెట్టేది సాయంత్రం ఆరింటికే.

మిషన్ కూడా బ్యాటరీ ఖర్చవుతుందని రోడ్డు దిగేటప్పుడే ఆన్ చేస్తాడు.

అంటే రెండింటి లోపల చెప్పాలి. రెండు దాటితే ఎవరు అరిచినా బాపుకు వినబడదు.

కానీ చెబితే? పిల్లల చేతికి ఇవ్వొద్దన్న మిషన్‌ను బాపు తనకే ఇచ్చాడు. కంపెనీ వాళ్ళు బాపును ఏమంటారు? ఉద్యోగం తీసేస్తే? ఇంటికి పంపేస్తే?

ఒంటిగంట అయింది. ఒంటిగంటా పది. నవీన లేచి నిలబడింది. "టీచర్, ఒక్క నిమిషం," అని జవాబు కోసం ఆగకుండా స్టాఫ్ రూమ్ వైపు పరుగెత్తింది.

గంగాప్రసాద్ సార్ టీ తాగుతున్నారు.

"సార్! మా బాపు మిషన్‌లో నంబరు తప్పుంది. రెండింటిలోపల ఆఫీసుకు చెప్పాలి. లేకపోతే సబ్ఖాలోకి పోతాడు!"

సార్ గ్లాసు కింద పెట్టారు. "నెమ్మదిగా చెప్పమ్మా. తప్పుందని నీకెలా తెలుసు?"

నవీన నోరు తెరిచింది. నిజం నాలుక చివరి దాకా వచ్చింది.

"పోయేటప్పుడు... బాపు పైకి చదివాడు సార్. నేను విన్నాను."

సార్ ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూశారు. ఇంకేమీ అడగలేదు. "ఆఫీసు ఫోన్ నంబరుందా?"

స్కూల్ డైరీ మొదటి పేజీలో ఉంది. ఇద్దరూ బడి ఆఫీసు గదికి వెళ్ళారు. సార్ డయల్ చేశారు.

ఎంగేజ్.

మళ్ళీ చేశారు. ఎంగేజ్. ఒంటిగంటా ఇరవై ఐదు. మళ్ళీ. ఎంగేజ్.

గంట కొట్టారు. బడి వదిలారు. వరండా అంతా కాళ్ళ చప్పుడు. కిటికీ దగ్గరికి ఫర్జానా వచ్చింది.

"నవీనా, బస్సు పోతుందే! రా!"

"నువ్వు వెళ్ళు. మా అమ్మకు చెప్పు, సార్ దగ్గర ఉన్నానని."

బస్సు హారన్ రెండుసార్లు మోగింది. తర్వాత బడి అంతా నిశ్శబ్దం. ఫ్యాన్ తిరిగే చప్పుడు, సార్ డయల్ తిప్పే కరకర, అంతే. ఒంటిగంటా నలభై. ఎంగేజ్. ఒంటిగంటా నలభై ఎనిమిది. ఎంగేజ్. గుమస్తా తాళాలగుత్తి చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

ఒంటిగంటా యాభై నాలుగు. ఈసారి రింగయింది!

సార్ గబగబా సంగతి చెప్పారు. అవతలి మాట నవీనకు వినబడాలని రిసీవర్ కొంచెం వంచారు.

"తప్పా? ఆగండి సార్, రిజిస్టర్ చూస్త," అంది నిసార్ అహ్మద్ గొంతు. "హా... పదమూడు రాసిన. టైం రెండైతుంది, రఘుపతి భాయ్ ఇప్పుడే వస్తడు లైన్‌ల. మీరు ఫోన్ పెట్టకండి. రేడియో పక్కనే పెడుతున్న."

బరబరమని శబ్దం. ఈదురుగాలిలా ఒక హోరు. అందులోంచి, ఎక్కడో చాలా దూరం నుంచి, బాపు గొంతు.

"ఖురం, ఖురం, ట్యాంకర్ రెండు. రోడ్డు కొసకచ్చిన. దిగుతున్న. ఓవర్."

నవీనకు కళ్ళు మసకబారాయి.

"రఘుపతి భాయ్, నీ మిషన్ల క్యాంపు నంబర్ చదువు. ఓవర్."

"ఉత్తరం ఇరవై ఒకటి, ఇరవై మూడు, ఇరవై. తూర్పు యాభై ఆరు, నాలుగు, రెండు. ఓవర్."

"రిజిస్టర్ల పదమూడున్నది భాయ్. ఇరవై మూడు కాదు..." నిసార్ అహ్మద్ గొంతు తడబడింది. "కానీ రెండూ నా చేతి పనే. మిషన్ల తప్పెక్కించిన్నో, రిజిస్టర్ల తప్పు రాసిన్నో... యా అల్లా, నా తప్పే ఇది. క్యాంపోళ్ళను అడుగుదామంటే సాయంత్రం దాకా లైన్‌ల ఉండరు. ఓవర్."

హోరు. ఆ హోరులో మళ్ళీ బాపు.

"క్యాంపుల నీళ్ళు రేపటి దాకనే ఉన్నయి భాయ్. సాయంత్రం దాకా ఆగితే చీకట్ల ఇసుకల నడపలేను. నిన్న ఏం చదివిన్నో నాకు యాదికి లేదు. రాసేటప్పుడు మనిషి తప్పు రాస్తడు గని, మిషన్ అబద్ధమాడది. నేను ఇరవై మూడుకే పోతున్న. ఏంటెనా ఇప్పుతున్న. ఓవర్."

నవీన సార్ చేతిలోంచి రిసీవర్ లాక్కుంది.

"పోకు బాపూ! పోకు! నిసార్ చాచా, బాపును ఆపు!"

"కౌన్? ఎవరు?"

"నేను నవీనను! తప్పు నీది కాదు చాచా, నాది! బాపుకు చెప్పు!"

"ట్యాంకర్ రెండు, ఆగు! ఆగు! నీ బిడ్డ లైన్‌ల ఉన్నది." తర్వాత ఫోన్‌లోకి, "బేటీ, నీ ఫోన్‌ను మైక్ దగ్గర పెడుతున్న. నువ్వే చెప్పు. అయిపోయినంక ఓవర్ అను. అప్పుడే బటన్ వదులుత."

ఖట్ మని శబ్దం.

నవీనకు తెలుసు, ఆ రేడియో బాపు ఒక్కడిది కాదు. ఎడారిలో ఉన్న అన్ని క్యాంపుల వాళ్ళూ వింటారు. పక్కన సార్ ఉన్నారు. గుమ్మంలో గుమస్తా ఉన్నాడు. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది.

"బాపూ, మిషన్‌లో పదమూడే ఉండె. నేనే ఇరవై మూడు చేసిన. నువ్వు మేడ మీద తాళ్ళు కట్టేటప్పుడు. కూడితే ఎనిమిది వచ్చిందని... నీకు తొమ్మిది రావాలని. సార్‌కు కూడా అబద్ధం చెప్పిన. ఆడ సబ్ఖా ఉన్నది బాపూ, పోకు."

ఏమీ వినబడలేదు.

"బేటీ, ఓవర్ అను," అంది నిసార్ అహ్మద్ గొంతు మెల్లగా.

"ఓవర్," అంది నవీన ఏడుస్తూ.

హోరు.

"బిడ్డా," అన్నాడు బాపు. ఆ గొంతులో కోపం ఉందో లేదో నవీనకు తెలియలేదు. "ఏడువకు. మంచిగ యాదికి తెచ్చుకో. ఒక్క అంకెనే మార్చినవా? ముందు ఉన్నది ఒకటేనా? ఓవర్."

"ఒక్క అంకెనే బాపూ. మార్చకముందు మొత్తం ఇరవై ఆరు. మార్చినంక ఇరవై ఏడు. నేను రెండుసార్లు కూడిన. ఓవర్."

అవతల పెన్ను చప్పుడు. నిసార్ అహ్మద్ పైకే కూడుతున్నాడు. "రెండూ ఒకటి మూడు... ఒకటీ మూడూ... యాభై ఆరుల పదకొండు... అరే! రిజిస్టర్ల కూడితే ఇరవై ఆరే! భాయ్, పదమూడే రైటు. ఒకటి పెట్టు. ఓవర్."

"ఒకటి పెట్టిన. బాణం తిరిగింది." అన్నాడు బాపు. "గా ఇరవై మూడుకు పోతే ఉప్పునేలల దిగేటోన్ని. నేను పోతున్న బిడ్డా. ఇంటికచ్చినంక మాట్లాడుకుందాం. ఓవర్."

హోరులోంచి ఇంకెవరిదో గొంతు దూరింది. ఏదో దూరపు క్యాంపులో ఉన్న డ్రైవర్ బాబు మియా.

"రఘుపతి భాయ్, నా క్యాంపు నంబర్ కూడితే నాలుగొస్తుంది. మంచిదేనా, బిడ్డనడిగి చెప్పు. ఓవర్!"

ఎవరో పకపకా నవ్వారు. లైన్ ఆగిపోయింది.

నవీన రిసీవర్ పెట్టేసి సార్ వైపు తిరిగింది. తల ఎత్తలేకపోయింది.

"సార్, అబద్ధం చెప్పాను."

"విన్నాను," అన్నారు సార్. జేబులోంచి రుమాలు తీసి ఇచ్చారు. "తర్వాత చెప్పింది కూడా విన్నాను. పద, మీ అమ్మ కంగారు పడుతుంటుంది."

*

ఆ సాయంత్రం నవీన ఇంట్లో జరిగినదంతా చెప్పింది. అమ్మ అంతా విని, కుట్టుమిషన్ ముందు కూర్చుని ఒక్క కుట్టు కూడా వేయలేకపోయింది.

"నన్ను అడిగినా చెప్పేదాన్ని గద బిడ్డా," అంది, అంతే.

రామసుబ్బమ్మ పెద్దమ్మ చెంపలు వేసుకుంది. "నా నోరు పాడుగాను. ఊరికే ఉండలేక అంటి గానీ పాప మారుస్తాదని నాకేం తెల్సు?"

ఆరింటికి ముందే ముగ్గురూ విల్లా వంటింట్లో ఫోన్ చుట్టూ కూర్చున్నారు. అక్కడికి చేస్తానని నిసార్ అహ్మద్ చెప్పాడు. ఆరు అయింది. ఆరూ ఐదు. దూరంగా మసీదులో నమాజు పిలుపు ముగిసింది. ఆరూ పది. కుళాయి చుక్కచుక్కగా కారుతోంది. నవీన చుక్కలు లెక్కపెట్టబోయి, వద్దనుకుని ఆపేసింది.

ఫోన్ మోగింది.

"చేరిండు బేటీ!" అంది నిసార్ అహ్మద్ గొంతు. "మిషన్ చెప్పిన జాగల నిలబడి చూస్తే, ఎనభై మీటర్ల దూరంల క్యాంపు జెండా కనబడ్డదంట. ఆ మిషన్‌కు అంత తేడా మామూలే. నీళ్ళు దింపుతున్నరు."

అమ్మ నవీనను దగ్గరికి లాక్కుంది. పెద్దమ్మ ముక్కు చీదుకుంటూ లేచి, ముగ్గురికీ చాయ్ పెట్టింది. ఏలకులు మరీ ఎక్కువ వేసింది. అయినా ఎంత బాగుందో ఆ చాయ్!

*

బాపు బుధవారం వచ్చాడు. కోప్పడలేదు. ట్యాంకర్ టైర్లకు అంటిన ఇసుక కడుగుతూ, "రేపు నాతోని ఆఫీసుకు రా," అన్నాడు.

గురువారం ఇద్దరూ ఖురం వెళ్ళారు. బాపు ఒక కాగితం మీద జరిగినదంతా రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు. ఇకమీద మిషన్ ఎవరి ఇంటికీ పోవడానికి వీల్లేదని కంపెనీ చెప్పింది. అది విని నవీన తల దించుకుంది.

నిసార్ అహ్మద్ తెల్లగడ్డం ముసలాయన. కళ్ళద్దాలకు తాడు కట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ గొంతు విన్నదే కానీ మనిషిని చూడటం నవీనకు ఇదే మొదటిసారి.

"చాచా, ఆ రోజు నీ తప్పనుకున్నవు. నేను ముందే చెప్పాల్సింది. ఇంకోసారి చెయ్యను."

ఆయన కళ్ళద్దాలు పైకి నెట్టి ఆమెను చూశాడు. మందలించలేదు. మిషన్ ఆమె ముందు పెట్టాడు. తన ముందు రిజిస్టర్ తెరిచాడు.

"క్యాంపు కదిలింది. కొత్త నంబర్ ఎక్కించిన. ఇప్పటి సంది ఒకరు మిషన్ చూసి చదవాలె, ఇంకొకరు రిజిస్టర్ల కలుపుకోవాలె. ఇయ్యాల నువ్వు చదువు."

నవీన బాపు వైపు చూసింది. బాపు సరేనన్నట్టు తల ఊపాడు.

ఆమె రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, తెర మీదికి వంగింది. ఒక్కొక్క అంకె విడివిడిగా చదివింది. ఆయన పెన్నుతో ఒక్కొక్క టిక్కు పెట్టాడు. చివరి అంకె అయ్యాక నవీన, "ఇంకోసారి చదువుతా చాచా," అంది. మళ్ళీ మొదటి నుంచి చదివింది.

సాయంత్రం ఇంటికి రాగానే రామసుబ్బమ్మ పెద్దమ్మ ఎదురొచ్చింది. అలవాటు ఎక్కడికి పోతుంది!

"కొత్త నంబరంట గదా పాపా! కూడితే ఎంతొచ్చినాది?"

"కూడలేదు పెద్దమ్మా," అంది నవీన చెప్పులు విప్పుతూ. "రెండుసార్లు చదివిన."